పాటకై కొందఱు, వోటుకై కొందఱు

1964వ సంవత్సరము జూను నెలలో అమెరికాదేశపు ఉత్తరరాష్ట్రములనుండి రెండు తెగల యువజనులు దక్షిణమున నున్న మిసిసిపీ రాష్ట్రమునకు బయలుదేరిరి. రెండు తెగలవారును చదువుకొన్నవారు, పెక్కురు తెల్లవారు, రెండు తెగలవారును నల్లవారి యిండ్లను వెదకికొనుచునే పోయిరి. మొదటి తెగ మిక్కిలి చిన్నది. రెండు మోటారుకార్లలో ఇముడునంతటిది. ముప్పదియేండ్లకు పూర్వము గ్రామఫోను పలకలపై పాడి, పిమ్మట జాడ తెలియకపోయిన ముసలి గాయకులను కనుగొని, వారిచేత మఱల పాడించవలయునని వారి కోరిక. రెండవ తెగవారు ఇంచుమించు వేయిమంది. నల్లవారి పేళ్లను వోటరుల పట్టికలో వ్రాయించుటయు, వారి పిల్లలకు వేసవిబడులు పెట్టుటయు వీరి పని. నెల యొకటే, నేల యొకటే, వెదకబడు జనమును ఒకటే.

జూను 21వ తేది ఆదివారమునాడు రెండవ తెగవారిలో ముగ్గురు, జేమ్స్ చేనీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ అనువారు, నెషోబా మండలములో దుండగులు కాల్చివేసిన నల్లవారి దేవాలయ మొకదానిని చూడబోయిరి. తిరిగివచ్చుచుండగా పోలీసువారు పట్టి చెఱసాలలో నుంచి, రాత్రి విడిచిపెట్టిరి. ఆ తరువాత వారిని ప్రాణములతో చూచిన స్నేహితు లెవ్వరును లేరు. అదే వారములో మొదటి తెగలోని ముగ్గురు యువకులు తాము వెదకుచున్న సన్ హౌస్ అను గాయకుని కనుగొనిరి. ఆయన మిసిసిపీలో లేనేలేడు! 1943లోనే ఊరు విడిచి న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టరు పట్టణమునకు పోయి, అక్కడనే కాపురముండి, గిటారు ముట్టుటయే మానియుండెను. ఆ నెలలోనే వేఱొక ముగ్గురు స్కిప్ జేమ్స్ అను మఱియొక గాయకుని ట్యూనికా అను ఊరి ఆసుపత్రిలో మంచముపై చూచిరి. పాటకై పోయినవారి వెదకులాట ఆ విధముగా సంతోషముతో ముగిసెను. ఆ ముగ్గురు వోటు పనివారికొఱకైన వెదకులాట 44 దినములు సాగి, ఆగస్టు 4వ తేదిని ఒక మట్టికట్ట అడుగున ముగిసెను.

ఈ రెండు కథలను సామాన్యముగా రెండు వేఱు గ్రంథములలో చదువుదుము. సంగీతచరిత్ర వ్రాయువారికి ఒకటి, రాజ్యాంగచరిత్ర వ్రాయువారికి ఒకటి. వీనిని ఒకచోట నుంచి చూచినప్పుడు గాని తెలియని సంగతి యొకటి కలదు. అమెరికాలో నల్లవాని పాట నడింటిలోనికి వచ్చిన చాల కాలమునకు గాని నల్లవాడు వీథిగడప దాటలేదు.

ఇప్పటి అమెరికా కళాశాలలలో కొన్ని తమ విద్యార్థులను బస్సు లెక్కించి ఈ బాట వెంబడి త్రిప్పుచున్నవి. మెంఫిస్ నగరమున, 1968 ఏప్రిల్ 4వ తేదిని మార్టిన్ లూథర్ కింగుగారు హతులైన లొరేన్ అను బసను (అది యిప్పుడు ప్రదర్శనశాల) చూచి, 61వ సంఖ్యగల రాజమార్గమున దక్షిణముగా దిగుదురు. మన తెలుగుబిడ్డలు వేలకొలది ఆ దేశమున చదువుచున్నారు గదా; వారిలో నెవరైన ఆ బస్సు నెక్కినయెడల తల్లిదండ్రులకు వ్రాయు ఉత్తరములో ఏమేమి వ్రాయవచ్చునో తెలుపుటకే ఈ వ్యాసము.

ఆ సీమను డెల్టా యందురు. డెల్టా యనగానే మనకు గోదావరీ కృష్ణల సాగరసంగమములు స్ఫురించును. ఇది యట్టిది కాదు. సముద్రము చాల దూరము. మిసిసిపీ నదికిని యాజూ అను ఏటికిని నడుమ వరదలు శతాబ్దములుగా ఒండ్రు పఱచిన చదునునేల యిది; ఇంచుమించు 200 మైళ్ల పొడవు. మిట్ట లేదు, రాయి లేదు. అడవులను నఱకి, నదికి కట్టలు పోసి, ఈ నేలను ప్రత్తిచేలుగా మార్చినవారు నల్లవారు. బానిసత్వము 1865లో చట్టమున పోయినను నేల వారికి రాలేదు. దొర నేలయు విత్తనమును కంచరగాడిదను ఇచ్చును. కూలి కుటుంబమంతయు దున్ని, త్రవ్వి, ప్రత్తి తీసి పంటలో సగము పొందవలెను. పేరునకు సగపాలే. కాని తిండిగింజలు మొదలు చెప్పుల జత వఱకు దొరగారి దుకాణముననే అప్పు తేవలెను. లెక్క వ్రాయువాడు దొరగారి గుమాస్తా. చదువు లేని పాలికాపు ఏడాది చివరను లెక్కకు పోయినప్పుడు, ఇంకను బాకీ యున్నావని చెప్పించుకొని మరలివచ్చును. లెక్కను తప్పు పట్టినవానికి మరునాడు ఇల్లు లేదు. ఈ పద్ధతి యెట్టిదో మన పల్లెల సంగతి నెఱిగినవారికి విస్తరించి చెప్పనక్కఱలేదు.

ఈ చేలలో పుట్టినదే బ్లూస్ అను పాట. మొదటి చరణమును రెండుమార్లు పాడి, మూడవ చరణమున దానికి బదులు చెప్పుట దీని సామాన్యలక్షణము. మన సంగీతభాషలో చెప్పవలెనన్న, గాంధారనిషాదములను స్థానమున నిలుపక కొంచెము క్రిందికి జాఱవిడుతురు. ఆ జాఱుటలోనే యేడుపును పరిహాసమును కలిసియుండును. విషయములు సామాన్యములు: విడిచిపోయిన ప్రియురాలు, రైలు, వరద, చెఱసాల, త్రాగుడు. దొరను పేరుపెట్టి తిట్టిన పాటలు అరుదు. తిట్టిన పిమ్మట బ్రతుకవలె గదా! డాకెరీ యను ప్రత్తితోట 1895లో వెలసినది. అచ్చటి పాలికాపు కుటుంబములలో పెరిగిన చార్లీ ప్యాటన్ అను గాయకునినుండి పెక్కురు ఈ విద్య నేర్చిరి. ఆయన 1934లో చనిపోయెను.

టట్‌వైలర్ అను చిన్న ఊరికడ విద్యార్థుల బస్సు తప్పక ఆగవలెను. ఇంచుమించు 1903లో విలియం హ్యాండీ అను నల్లజాతి బ్యాండుమేళగాడు ఆ యూరి స్టేషనులో రాత్రి ఆలస్యమైన రైలుకై కాచుకొని కునుకుచుండగా, చినిగిన బట్టల మనుష్యు డొకడు ప్రక్కన కూర్చుండి, గిటారు తీగలపై చాకును అదిమి జాఱ్చుచు పాడెనట. అంతటి విచిత్రమైన సంగీతమును తానెన్నడును వినలేదని హ్యాండీ తన స్వీయచరిత్రములో వ్రాసికొనెను. 1912లోను, 1914లోను ఆయన యచ్చొత్తించిన బ్లూస్ పాటలు దేశమంతట వ్యాపించి, తెల్లవారి నాట్యశాలలకును పోయినవి. ఆ స్టేషనులోని మనుష్యుని పేరు మాత్రము ఎవ్వరికిని తెలియదు. హ్యాండీ అడిగి వ్రాసికొనలేదు.

ఇదే టట్‌వైలరులో 1955 ఆగస్టు నెలాఖరున ఒక శవమును పెట్టెలోనుంచి రైలున పంపుటకై సిద్ధపఱచిరి. అది ఎమెట్ టిల్ అను 14 ఏండ్ల బాలునిది. షికాగోనుండి వేసవిసెలవులకు బంధువుల యింటికి వచ్చిన ఆ బిడ్డ, మనీ అను పల్లెలో దుకాణము నడపు తెల్ల స్త్రీతో చనవుగా ప్రవర్తించెనన్న నెపమున, ఆమె భర్తయు అతని సవతి సోదరుడును ఆగస్టు 28వ తేది రాత్రి బాలుని పడకనుండి లేపి కొనిపోయి, కొట్టి, కాల్చి చంపి, బరువైన ఇనుపపంకను మెడకు కట్టి టాలహాచీ నదిలో పడవేసిరి. మూడు దినములకు శవము తేలెను. షికాగోలో తల్లి పెట్టెమూత మూయనీయలేదు. నా బిడ్డకు చేసిన పనిని లోకము చూడవలెనని పట్టుపట్టెను. వేలకొలది జనులు చూచిరి. కొన్ని మైళ్లలో నున్న సమ్నర్ గ్రామపు న్యాయస్థానములో సెప్టెంబరున విచారణ జరిగెను. బాలుని తాతవరుసయైన మోజ్ రైట్ అను వృద్ధుడు నిండుకోర్టులో లేచి నిలిచి, బిడ్డను తీసికొనిపోయినవారు వీరేయని వ్రేలుచూపెను. ఆ మండలములో తెల్లవానిపై వ్రేలెత్తిన నల్లవాడు ఊరిలో నిలువజాలడు. ఆయనయు సాక్ష్యము చెప్పినవెంటనే రాష్ట్రము విడిచిపోవలసివచ్చెను. తెల్ల జూరీవారు గంటకు కొంచె మెక్కువసేపు ఆలోచించి నిందితులను విడిచివేసిరి. మరుసటియేట ఆ ఇరువురును ఒక పత్రికవారివద్ద డబ్బు పుచ్చుకొని, చంపినది తామేయని చెప్పిరి. ఒకమారు విడుదలయైనవారిని అదే నేరమునకు మఱల విచారింపగూడదని వారి కెఱుకయే.

చరిత్ర చెప్పునప్పుడు జాలికథలయెడ జాగ్రత్త యవసరము. క్లార్క్స్‌డేల్ పట్టణమున ఇంకొక మరణము సంగతి చెప్పుదురు. బెస్సీ స్మిత్ అను మహాగాయని 1937 సెప్టెంబరు 26వ తేదిని 61వ బాటపై కారుప్రమాదమున చనిపోయెను. తెల్లవారి ఆసుపత్రివారు తలుపు మూసినందున రక్తము పోయి మరణించెనని చాలకాలము చెప్పుకొనిరి. దానినిబట్టి నాటకము కూడ వచ్చినది. అది నిజము కాదు. ఆమెను తిన్నగా నల్లవారి ఆసుపత్రికే తీసికొనిపోయిరి. కాని ఆలోచింపుడు: ఏ బండివాడును ఆమెను తెల్లవారి ఆసుపత్రికి తోలుటకు తలపనైన తలపలేదు. మూయబడిన తలుపు కథ కల్పితమే. తలుపువఱకు పోవుటయే లేని సంఘస్థితి కల్పితము కాదు. ఆ ఆసుపత్రి భవనము 1944లో పూటబసగా మారినది.

పార్చ్‌మన్ అను చెఱసాలతోట ఆ సీమలోనే యున్నది. వేలయెకరముల ప్రత్తినేల, పనివారు ఖైదీలు. లోమాక్సు అను తండ్రికొడుకులు, జానపదగేయముల సేకరించు పండితులు, 1930ల నుండి పలుమార్లు అక్కడికి ధ్వనిగ్రహణయంత్రములతో పోయి, గొడ్డండ్లతో కట్టెలు కొట్టుచు ఖైదీలు పాడు పాటలను పట్టి భద్రపఱచిరి. అది గొప్ప సేవయే. ఆ పలకలు లేకున్న ఆ పాటలు మనకు దక్కెడివి కావు. అయినను ఆ పండితులు అధికారుల యనుజ్ఞతో వచ్చి, యంత్రము మూసికొని బండి యెక్కిపోయిరి; పాడినవాడు మరల వరుసలో నిలిచి గొడ్డలి యెత్తెను. పాట వాషింగ్టనులోని గ్రంథాలయమునకు చేరెను.

1961 వేసవిలో ఆ చెఱసాలకే వేఱొక విధమైన గాయకులు వచ్చిరి. అంతర్రాష్ట్రపు బస్సులలోను నిలయములలోను తెలుపునలుపుల భేదము చెల్లదని దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినను దక్షిణమున ఎవ్వరును పాటింపలేదు. తీర్పును పరీక్షింపనెంచి మే 4వ తేదిని 13 మంది నల్లవారును తెల్లవారును వాషింగ్టనున బస్సు లెక్కిరి. అలబామాలో అనిస్టన్ వద్ద మే 14న ఒక బస్సును తగులబెట్టిరి, ఎక్కినవారిని కొట్టిరి. యాత్ర ఆగిపోవునని పెద్ద లనుకొనిరి. అప్పుడు నాష్‌విల్ కళాశాలల విద్యార్థులు, డయాన్ నాష్ అను 23 ఏండ్ల యువతి నడిపింపగా, మేము సాగింతుమని బయలుదేరిరి. జాక్సను పట్టణమున 300 మందికి పైగా పట్టుబడిరి. పెక్కురను పార్చ్‌మనుకు పంపిరి. అక్కడ వారు పాడిరి. పాట మానకున్న పఱుపులు తీసివేయుదుమని కాపలావారు బెదరించిరి. పఱుపు లిచ్చివేసి, ఇనుపమంచములపై పరుండి మఱల పాడిరి. లోమాక్సులకు పాడినప్పుడు ఎవ్వరును పఱుపు తీసికొనలేదు. ఏలయన ఆ పాట యంత్రముకొఱకు, ఈ పాట హక్కుకొఱకు. ఆ యేడు నవంబరు 1వ తేదినుండి బస్సునిలయములలో భేదపు పలకలు తీసివేయవలెనను ఉత్తరువు అమలునకు వచ్చెను.

ఈ నాష్‌విల్ విద్యార్థులకు గురువు జేమ్స్ లాసన్ అను క్రైస్తవమతాచార్యుడు. ఈయన మన నాగపురమునందలి హిస్లాప్ కళాశాలలో 1953 నుండి మూడేండ్లు పనిచేసి, గాంధీమహాత్ముని సత్యాగ్రహపద్ధతిని అధ్యయనముచేసి మరలినవాడు. కొట్టినను చేయెత్తకుండుట యెట్లో దెబ్బలు తిని అభ్యసించు పాఠశాలను ఆయన నడపెను. అంతకుముందే, 1936లో, హోవర్డ్ థర్మన్ అను నల్లజాతి తత్త్వవేత్తయు, ఆయన భార్యయు బార్డోలీలో మహాత్ముని దర్శించిరి. ఆయన వారిని అడిగి, క్రీస్తు శిలువనుగూర్చిన నల్లవారి భక్తిగీత మొకటి పాడించుకొనెను; అహింసాసందేశము లోకమునకు నల్లవారిద్వారా అందవచ్చునేమో యని చెప్పెను. పాట అడిగినవాడు పాడినవారి బ్రతుకునుగూర్చి కూడ గంటలకొలది ప్రశ్నించెనని వినునప్పుడు నాకు తృప్తి కలుగును.

బాటలో ఇండియనోలా యను ఊరొకటి. సుప్రసిద్ధ బ్లూస్ గాయకుడు బి. బి. కింగ్ పేర 2008లో అక్కడ గొప్ప ప్రదర్శనశాల తెఱచిరి. బడులలో తెల్లబిడ్డల సరసను నల్లబిడ్డలు కూర్చుండకుండ చేయుటకై 1954లో తెల్లవారి సంఘము మొదట పుట్టినదియు ఆ ఊరిలోనే. శ్రీమతి ఫ్యానీ లూ హేమరు వోటు అడుగబోయినదియు ఆ ఊరికే. ఇరువదిమంది సంతానములో కడగొట్టు బిడ్డ, 44 ఏండ్ల పాలికాపు గృహిణి. తనకు వోటుహక్కు కలదని ఆ యేడు వఱకు ఆమె కెవ్వరును చెప్పలేదు! 1962 ఆగస్టు 31న రూల్‌విల్‌నుండి 17 మందితో పాతబస్సులో పోయి పరీక్షకు కూర్చుండెను. పరీక్ష యేమనగా, రాష్ట్రరాజ్యాంగములోని ఒక భాగమును నకలుచేసి దాని యర్థము వివరింపవలెను. సరిపోయినదో లేదో చెప్పువాడు తెల్ల గుమాస్తా. ఆమె తప్పినదనిరి. తిరుగుదారిలో పోలీసువారు బస్సు నాపి, బస్సు రంగు మితిమీఱిన పసుపని జరిమానా విధించిరి. లోపలివారు భయమున బిగుసుకొనియుండగా ఆమె దేవాలయపు పాట లెత్తికొనెను. ఒకరివెనుక నొకరుగా అందఱును అందుకొనిరి. ఆ సాయంకాలమే, 18 ఏండ్లు చాకిరిచేసిన తోటదొర ఆమెను వెళ్లగొట్టెను. మరుసటియేట జూనులో వినోనా చెఱసాలలో ఆమెను కొట్టిన దెబ్బలు జీవితాంతము బాధించినవి. 1964 ఆగస్టు 22వ తేదిని అట్లాంటిక్ నగరములో పక్షమహాసభ ఉపసంఘమువారి యెదుట ఆమె ఇదంతయు చెప్పుచుండగా, ప్రజలు వినకుండుటకై దేశాధ్యక్షుడు జాన్సన్ అప్పటికప్పుడు పత్రికలవారిని పిలిచి టెలివిజనును తనవైపు త్రిప్పుకొనెను. రాత్రి వార్తలలో ఆమె మాటలే వచ్చినవి.

ఆమె పాడినది బ్లూస్ కాదు, భక్తిగీతము. ఇది గమనింపవలసిన సంగతి. ఉద్యమములోని దేవాలయభక్తులకు బ్లూస్ అన్న గిట్టదు. అది త్రాగుబోతు పాట, సైతాను పాట. సన్ హౌసు తానే యౌవనమున మతబోధకుడై, ఈ రెంటినడుమ జీవితమంతయు ఊగిసలాడెను. బ్లూసులో పాడువాడు ‘నేను’ అనును; తన దుఃఖము తనది. హేమరు పాట ‘మనము’ అనును, బస్సంతయు అందుకొనును. అయినను ‘నేను’ అనుటయే ఆ చేలలో ఒక ధైర్యము కాదా యని నాకొక సందేహము. ఎన్నడును పేరులేక ‘ఒరే’ యని పిలువబడినవాడు గ్రామఫోను పలకపై తన పేరుతో తన కష్టము చెప్పుకొనుట చిన్నమాట కాదు.

పాట వెదకినవారిని తూలనాడుట నా యుద్దేశము కాదు. 1928లో ఒక గాయకుడు తన పాటలో చెప్పిన అవలాన్ అను పల్లెపేరు పట్టుకొని పోయి 1963లో ఆయనను కనుగొన్న యువకుడును కలడు. ఆ గాయకుడు, మిసిసిపీ జాన్ హర్ట్, అప్పటికి పశువులు కాచుకొనుచు జీవించుచుండెను. మరణమునకు ముందు మూడేండ్లు సభలలో గౌరవము పొందెను. సన్ హౌసును, స్కిప్ జేమ్సును కూడ అట్లే వేదికలపై నిలిపిరి. చూపు చిన్నదగుటయే దోషము. 1941-42లలో డెల్టాపాటలను సేకరించినవారిలో ఫిస్కు విశ్వవిద్యాలయపు నల్లజాతి ఆచార్యుడు జాన్ వర్కుగారు ముఖ్యులు; పాట వ్రాసికొనుటతో తృప్తిపడక, పాడినవారి యిండ్లు, మతము, ఊరు అన్నియు వ్రాసిరి. లోమాక్సు పేరు ప్రసిద్ధమైనది. వర్కుగారి వ్రాత లెక్కడనో పడియుండి, 2005లో గాని అచ్చుకాలేదు.

ఆ 1964 వేసవిలో ముగ్గురికొఱకు నీళ్లు గాలించినప్పుడు హెన్రీ డీ, చార్లెస్ మూర్ అను ఇరువురు నల్లయువకుల శవములు నదిలో దొరకినవి. మే నెలలోనే చంపి పడవేసినవారు. వారి నెవ్వరును వెదకలేదు. చేనీ ఒక్కడే పోయియున్న దేశ మింత కలతపడునా యని ష్వెర్నరు భార్యయే అప్పుడు బహిరంగముగా అడిగెను. ఆ యేడు మిసిసిపీలో వోటు వయస్సుగల నల్లవారిలో పట్టిక కెక్కినవారు నూటికి 7గురికంటె తక్కువ. 1965లో వోటుచట్టము వచ్చినపిమ్మట, 1967 నాటికి నూటికి ఇంచుమించు 60 మంది. శ్రీమతి హేమరు 1977లో మరణించెను. ముగ్గురి హత్యకై రాష్ట్రన్యాయస్థానము ఒకనికి శిక్ష వేసినది 2005లో; తీర్పు వచ్చిన తేది జూను 21.

ఎమెట్ టిల్ శవము దొరకినదని చెప్పు రేవువద్ద ఒక గుఱుతుపలక నాటిరి. దానిని ఎవరో పెఱికి తీసికొనిపోయిరి. రెండవదానిని తుపాకితో కాల్చిరి. మూడవదానిని కాల్చిరి. 2019లో నాల్గవది పెట్టిరి. అది గుండు దూఱని ఉక్కుతో చేసినది, 500 పౌనుల బరువు. విద్యార్థుల బస్సు అక్కడ ఆగును.